ఊరు ముందా, కౌంట్ ముందా

(భీమవరంలో ఇంజనీరింగ్ విద్యార్థులు, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ప్రోగ్రామర్ల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాశాం.)

అందరికీ నమస్కారం. మబ్బు పట్టి ఉన్నా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

ఈరోజు నేను మాట్లాడబోయేది తెర మీద కనిపించే పట్టిక గురించి. మనం డేటా గ్రిడ్ అంటాం కదా, అదే. పైన శీర్షికలు, కింద లైన్లు. శీర్షిక మీద నొక్కితే ఆ కాలమ్ ప్రకారం లైన్లన్నీ సర్దుకుంటాయి. ఇంతవరకు మీలో చాలామంది చేసే ఉంటారు. ఒక్క కాలమ్ కాకుండా రెండు మూడు కాలమ్‌ల ప్రకారం సర్దుకునే వీలు వాడేవాళ్ళకి ఎలా ఇవ్వాలి అన్నదే నా విషయం. చిన్నదే అనిపిస్తుంది. నేను మాత్రం కొత్త గ్రిడ్ మొదలుపెట్టిన ప్రతిసారీ ముందు దీని గురించే ఆలోచిస్తాను. ఎందుకో చెబుతాను.

ఈ చుట్టుపక్కలే ఒక రొయ్యల కొనుగోలు ఆఫీసుకి మేం లెక్కల సాఫ్ట్‌వేర్ రాశాం. ఉండి, ఆకివీడు, కాళ్ళ, వీరవాసరం, మొగల్తూరు, ఇలా నాలుగు వైపుల నుంచీ పట్టుబడులు వస్తాయి. ప్రతి కాటాకీ ఒక లైను: ఊరు, రైతు, కౌంట్, బరువు, టైము, రేటు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. అక్కడ లెక్కలు చూసే ఆవిడ మా గ్రిడ్ వాడటం మొదలుపెట్టిన వారానికి ఫోన్ చేశారు. ఆవిడ మాట నాకు ఇప్పటికీ అలాగే గుర్తుంది. "ఏవండీ, ఊరు నొక్కితే ఊళ్ళు వరసలో వస్తున్నాయి. కౌంట్ నొక్కితే ఊళ్ళు చెదిరిపోతున్నాయి. నాకు రెండూ కావాలండీ."

రెండూ ఎందుకమ్మా అని అడిగాను. ఆవిడ చెప్పింది వినండి. సాయంత్రం రైతులకి రేట్లు చెప్పాలి. ఒక ఊళ్ళో ఒకరికి చెబితే పది నిమిషాల్లో ఊరంతటికీ తెలుస్తుంది. పక్కపక్క చెరువులు, ఒకే కౌంట్ పడింది, ఒకరికి రెండు రూపాయలు తక్కువ చెప్పామంటే రాత్రికి గొడవే. అందుకని ఫోన్ ఎత్తకముందే ఒక్కో ఊరిలో ఒకే కౌంట్ పడినవాళ్ళందరినీ పక్కపక్కన పెట్టుకుని చూసుకోవాలి. అప్పటిదాకా ఆవిడ రోజూ డేటా మొత్తం ఎక్సెల్‌లోకి దించుకుని, అక్కడ సర్ది, ప్రింటు తీసుకుని, ఆ కాగితం ముందు పెట్టుకుని ఫోన్లు చేసేవారు. మేం అంత కష్టపడి రాసిన తెర, ఆవిడకి అసలు అవసరమైన గంటలో మూసే ఉండేది.

లైన్లని వరసలో పెట్టేది ఏది ముందు, ఏది తర్వాత అని చూడటానికే అనుకుంటాం. అసలు లాభం వేరు. పోల్చుకోవాల్సినవి పక్కపక్కకి వస్తాయి. ఏవి పక్కకి రావాలన్నది ఆ పని చేసే మనిషికే తెలుసు. ఊరు, తర్వాత కౌంట్, తర్వాత బరువు, ఈ వరస ఆవిడ బుర్రలో ఉంది. అదే ఐస్ లెక్కలు చూసే కుర్రాడైతే టైము ముందు అడుగుతాడు. లారీలు పంపేవాడికి మళ్ళీ ఇంకో వరస. మనం ఆఫీసులో కూర్చుని అందరికీ కలిపి ఒకే వరస పెట్టేస్తే కుదరదు.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్తాను. మా నాన్నగారు పాలకొల్లు దగ్గర ఒక ధాన్యం కమిషన్ కొట్లో గుమస్తా. దాళ్వా కోతలయ్యాక ఇంటికి ఒక సంచీ నిండా కాటా చీటీలు తెచ్చేవారు. హాల్లో చాప వేసి వాటిని సర్దేవారు. చివరికి కావాల్సింది ఊరివారీగా, ఊళ్ళో రైతువారీగా, ఒక్కో రైతుకి తేదీవారీగా. మరి ఆయన మొదట ఊళ్ళు విడదీసేవారు కాదు! ముందు తేదీలు సర్దేవారు. అంతా ఒకే కట్ట చేసి, మళ్ళీ రైతు పేరు ప్రకారం కుప్పలు పోసి, మళ్ళీ ఒకే కట్ట చేసేవారు. చిట్టచివర ఊళ్ళు. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. ఇది తిరగేసి చేస్తున్నారేంటి అనుకునేవాణ్ణి.

ఒకరోజు నేనూ కూర్చున్నాను. కట్ట పైనుంచి ఒక్కో చీటీ తీసి కుప్ప మీద వేసుకుంటూ పోయాను. నాన్నగారు చెయ్యి పట్టుకుని ఆపారు. "మీద పెట్టకు. కుప్ప ఎత్తి అడుగున దూర్చు" అన్నారు. ఎందుకో చూపించారు కూడా. నేను వేసిన కుప్ప తీసి చదివారు: 14వ తేదీ, 11, 9, 6. అంతకుముందు ఆయన అరగంట కూర్చుని సర్దిన తేదీలన్నీ నా చేతిలో తలకిందులైపోయాయి. పైనుంచి తీసినది అడుగున చేరితేనే ముందున్నది ముందే ఉంటుంది. ఆ ఒక్క జాగ్రత్త ఉంటే, చివర చూడాల్సినది ముందు సర్దినా, ముందు చూడాల్సినది చివర సర్దినా అన్ని వరసలూ నిలుస్తాయి.

మీరు క్లాసులో చదివిన స్టేబుల్ సార్ట్ ఇదే. నేను నిలకడైన సార్ట్ అంటాను. సమానమైన రెండు లైన్లు వస్తే, ముందు ఏది ముందుందో అదే ముందుండాలి. పాతకాలం పంచ్ కార్డుల సార్టర్ మిషన్లు కూడా ఇదే పని చేసేవి. ఒక్కో విడతకి ఒక్క కాలమ్, చివరి అంకె నుంచి మొదలుపెట్టి ముందుకి. ఆ మిషన్ల సంగతి మా నాన్నగారికి తెలియదు. చాప మీద చీటీలు సర్ది సర్ది తెలుసుకున్నారు.

ఈ నిలకడ మనకి ఎప్పటినుంచో ఉందనుకోకండి. బ్రౌజర్‌లో నడిచే భాష జావాస్క్రిప్ట్ ప్రమాణంలో సార్ట్ నిలకడగా ఉండి తీరాలన్న నియమం 2019లో వచ్చింది. అంతకుముందు క్రోమ్‌లో పది అంశాల వరకు నిలకడ ఉండేది, పది దాటితే వేరే పద్ధతికి మారేది, అక్కడ హామీ లేదు. మీకు దీని ప్రమాదం అర్థమైందా? ఐదారు లైన్లతో పరీక్ష చేస్తే అంతా బాగానే ఉంటుంది. నిజం డేటా వచ్చాక చెదురుతుంది. 2018లో క్రోమ్ 70తో టిమ్‌సార్ట్ వచ్చాక ఆ బాధ తప్పింది. టిమ్ పీటర్స్ 2002లో పైథాన్ కోసం రాసిన పద్ధతి అది.

సరే, సార్ట్ నిలకడగా ఉంటే చాలు కదా, ముందు కౌంట్ నొక్కి తర్వాత ఊరు నొక్కమని ఆవిడకి చెబితే పోలేదా? చెప్పాను. రెండు రోజులు చేశారు, మూడో రోజు మానేశారు. మనిషి ఆలోచన "ఊరు, అందులో కౌంట్" అని నడుస్తుంది. చెయ్యి మాత్రం "కౌంట్, తర్వాత ఊరు" అని నొక్కాలి. మా నాన్నగారికి ఏళ్ళ తరబడి అలవాటు కాబట్టి కుదిరింది. మన గ్రిడ్ వాడేవాళ్ళ చేత ఆ తిరగేసిన లెక్క చేయించకూడదు. అది మనం కోడ్‌లో చేసుకోవాలి.

కోడ్‌లో ఏముంటుందంటే, రెండు లైన్లు తీసుకుని ముందు ఊరు పోల్చు. తేడా ఉంటే అదే జవాబు, ఇంకేమీ చూడక్కర్లేదు. సున్నా వచ్చిందా, అంటే రెండూ సమానమైతే, అప్పుడు కౌంట్ పోల్చు. అదీ సున్నా అయితే బరువు. ఒక చిన్న లూపు, అంతే. ఒక కాలమ్ దిశ తిప్పాలంటే ఆ కాలమ్ జవాబుకి మాత్రం గుర్తు మార్చండి, ప్లస్‌ని మైనస్, మైనస్‌ని ప్లస్. జాబితా మొత్తం తిరగేస్తే నేను చిన్నప్పుడు చీటీలకి చేసిన పనే అవుతుంది, కింది వరసలన్నీ తలకిందులవుతాయి.

ఇక తెర మీద దీన్ని ఎలా చూపించాలి? అలవాటుగా వస్తున్న పద్ధతి షిఫ్ట్ నొక్కి పట్టుకుని రెండో శీర్షిక నొక్కడం. చాలా గ్రిడ్ లైబ్రరీల్లో ఇదే ఉంటుంది. తెలిసినవాళ్ళకి చాలా హాయి. కానీ ఎవరూ చెప్పకుండా దాన్ని కనిపెట్టిన మనిషిని ఆఫీసుల్లో నేను ఇంతవరకు చూడలేదు. పైగా ఇక్కడ సగం పని చెరువు గట్టు మీద, ఫోన్లో. ఫోన్లో షిఫ్ట్ ఎక్కడుంది?

అందుకని షిఫ్ట్ ఉంచండి, దానితో పాటు "వరస" అని ఒక బటన్ కూడా పెట్టండి. నొక్కితే చిన్న పెట్టె తెరుచుకోవాలి. అందులో "మొదట ఊరు", "ఆపైన కౌంట్", "ఆపైన బరువు". వేలితో పట్టుకుని పైకీ కిందకీ జరుపుకునేలా ఉండాలి. ఎక్సెల్ 2003లో మూడు అంచెల వరకే వీలుండేది, 2007 నుంచి 64 అంచెలు పెట్టుకోవచ్చు. నేను చూసిన ఆఫీసుల్లో నాలుగు దాటిన అవసరం రాలేదు. మూడు అంచెలు బాగా కనిపించేలా చేస్తే పని జరిగిపోతుంది.

శీర్షిక పక్కన బాణం గుర్తుతో పాటు 1, 2, 3 అని అంకె వేయడం మరిచిపోకండి. బాణాలు మాత్రమే ఉంటే ఏది ముందో ఎవరికీ తెలియదు. చూపు లేనివాళ్ళు వాడే స్క్రీన్ రీడర్‌కి సార్ట్ సంగతి చెప్పే గుర్తుని ఒక సమయంలో ఒకే శీర్షికకి పెట్టాలని ఏరియా (ARIA) అనే వెబ్ ప్రమాణం సూచిస్తుంది. కాబట్టి మిగతా అంచెలని మామూలు మాటల్లో, "ఊరు, ఆపైన కౌంట్ ప్రకారం" అని ఒక లైనులో రాసి చదివించండి. ఆ లైను చూపున్నవాళ్ళకీ పనికొస్తుంది, తెర మీదే పెట్టేయండి.

బాణం దగ్గర ఇంకో సంగతి ఉంది, ఇది మన డెల్టాలో పనిచేసేవాళ్ళు తప్పక పట్టించుకోవాలి. 30 కౌంట్ అంటే కిలోకి 30 రొయ్యలు. 100 కౌంట్ అంటే కిలోకి 100. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. మేం మొదట పెట్టెలో "ఆరోహణ, అవరోహణ" అని పెట్టాం. ఆవిడ అవరోహణ నొక్కారు, ఎందుకంటే పెద్ద రొయ్య పైన రావాలి. పైకి 100 కౌంట్ వచ్చింది. తప్పు ఆవిడది కాదు, ఆ మాటలదే. ఇప్పుడు కౌంట్ దగ్గర "పెద్ద రొయ్య ముందు, చిన్న రొయ్య ముందు" అని ఉంటుంది. తేదీ దగ్గర "కొత్తవి ముందు, పాతవి ముందు". ధాన్యం కొనే ఆఫీసుకి రాసినప్పుడు తేమ దగ్గర "పొడి ధాన్యం ముందు" అని పెట్టాం. ఒక్కో కాలమ్‌కి రెండేసి మాటలు రాయడానికి మాకు ఒక పూట పట్టింది. ఆ తర్వాత ఆ విషయం మీద ఒక్క ఫోన్ కూడా రాలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే దగ్గరికి వచ్చాను. ఒకరోజు ఆ ఆఫీసు నుంచే ఫిర్యాదు: "మొదట తేదీ, ఆపైన ఊరు పెట్టామండీ, ఊరు పనిచేయట్లేదు." వెళ్ళి చూశాను. తెర మీద తేదీ కాలమ్‌లో అన్నీ 12-03 అనే ఉన్నాయి. కింద ఊళ్ళు ఎటు పడితే అటు. నిజంగానే పాడైనట్టే కనిపిస్తోంది. కోడ్ చూస్తే ఏ తప్పూ లేదు. అరగంట తర్వాత తెలిసింది. డేటాబేస్‌లో ఉన్నది తేదీ ఒక్కటే కాదు, కాటా పడిన గంట, నిమిషం, సెకను కూడా. తెర మీద రోజు మాత్రమే చూపిస్తున్నాం. ఏ రెండు కాటాలూ ఒకే సెకనులో పడవు. అంటే ఏ రెండు లైన్లూ సమానం కావు, పోలిక ఊరి దాకా వెళ్ళనే వెళ్ళదు.

రెండో అంచె పని చేయాలంటే మొదటి అంచెలో సమానాలు ఉండాలి. వాడే మనిషి సమానమా కాదా అని చూసేది కంటితో. కంటికి 12-03, 12-03 ఒకటే. కాబట్టి తెర మీద రోజు చూపిస్తే రోజు వరకే పోల్చండి. తేమ 17 శాతం అని గుండ్రంగా చూపిస్తూ లోపల 16.8, 17.2 పోలుస్తుంటే అక్కడా ఇదే గొడవ. అలాంటప్పుడు దశాంశం చూపించండి, లేదా గుండ్రం చేసినదాన్నే పోల్చండి. కంటికి కనిపించేది ఒకటి, పోల్చేది ఇంకొకటి అయితే వాడేవాళ్ళకి నమ్మకం పోతుంది.

ఊరి పేర్లలోనూ ఇదే. ఒకరు "వీరవాసరం" అని కొడతారు, ఇంకొకరు చివర ఒక ఖాళీ వదిలి కొడతారు. కంటికి ఒకటే, మిషన్‌కి రెండు ఊళ్ళు. దీన్ని సార్ట్ దగ్గర కాదు, నమోదు దగ్గరే ఆపాలి. పేర్లు కొట్టించకండి, జాబితాలోంచి ఎంచుకోనివ్వండి.

అంకెలు అక్షరాలుగా వస్తే ఏమవుతుందో మీకు తెలిసే ఉంటుంది. పాత ఫైళ్ళ నుంచి దించిన కౌంట్లు 100, 30, 40 అని నిలబడతాయి, 1 అనే అక్షరం 3 కంటే ముందు కాబట్టి. జావాస్క్రిప్ట్‌లో పోలిక ఏమీ ఇవ్వకుండా సార్ట్ పిలిస్తే అసలు అంకెల్ని కూడా అక్షరాలుగానే చూస్తుంది.

తెలుగు పేర్లకి ఇంకో చిక్కు. కవిత ముందా, కళావతి ముందా? మనం బడిలో నేర్చుకున్న వర్ణమాలలో వ, శ, ష, స, హ అయ్యాకే ళ. కాబట్టి కవితే ముందు. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుంది, ఆ యూనికోడ్ అంకెల్లో ళ వచ్చి ల పక్కన, వ కంటే ముందు కూర్చుంది. ఉత్త కోడ్ అంకెలతో పోలిస్తే కళావతి ముందుకొస్తుంది. అందుకని భాష తెలిసిన పోలిక, అంటే కొలేటర్ వాడండి. మీ రైతుల పేర్లే ఒక యాభై పెట్టి, వచ్చిన వరసని ఇంట్లో పెద్దవాళ్ళకి చూపించండి. కొలేటర్‌ని ఒక్కసారి తయారుచేసుకుని మళ్ళీ మళ్ళీ అదే వాడండి. ప్రతి పోలికకీ కొత్తగా చేస్తే పెద్ద పట్టికల్లో బాగా నెమ్మదిస్తుంది.

ఖాళీ గళ్ళు. చెరువులో పట్టుబడి అయింది, కాటా ఇంకా పడలేదు. బరువు గడి ఖాళీ. ఇది సున్నా కాదు, సున్నాగా చూడకూడదు. అది ఎక్కడ నిలబడాలి? పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ఎక్కేవరసలో ఖాళీల్ని చివర పెడుతుంది, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ మొదట పెడుతుంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారితే, మీరు ఒక్క అక్షరం మార్చకపోయినా తెర మారిపోతుంది. నా పద్ధతి, దిశ ఏదైనా ఖాళీలు అడుగునే. ఖాళీలే కావాలనుకునేవాళ్ళకి "కాటా పడనివి" అని వేరే ఫిల్టర్ ఇస్తాను.

ఇక డేటా పెద్దదైనప్పుడు సంగతి. పేజీకి యాభై లైన్లు చూపిస్తున్నారనుకోండి. బ్రౌజర్‌లో ఉన్న ఆ యాభైనే సర్ది ఇస్తే అది అబద్ధం చెప్పినట్టు. వాడేవాళ్ళు మొత్తం సర్దారనే అనుకుంటారు. సర్దే పని సర్వర్ దగ్గర, మొత్తం మీద జరగాలి. అక్కడ ఒక తప్పు మేమే చేశాం. ఊరు, కౌంట్ ప్రకారం సర్ది పేజీలుగా ఇచ్చాం. ఒకే ఊరు, ఒకే కౌంట్ ఉన్న లైన్లు చాలా ఉన్నాయి. వాటిలో ఏది ముందో మనం చెప్పనప్పుడు డేటాబేస్ ఒక్కోసారి ఒక్కోలా ఇవ్వొచ్చు. ఒక చీటీ మొదటి పేజీ చివరా వచ్చింది, రెండో పేజీ మొదట్లోనూ వచ్చింది. ఇంకో చీటీ ఏ పేజీలోనూ లేదు. ఆ రైతుకి డబ్బు నాలుగు రోజులు ఆలస్యమైంది. ఆయన చెరువుకి మేత అప్పు తెచ్చి ఉన్నాడు. ఆ నాలుగు రోజులు ఆయన ఎంత టెన్షన్ పడ్డాడో తర్వాత విన్నాను. అప్పటినుంచి వాడేవాళ్ళు ఎన్ని అంచెలు పెట్టినా, చివర చీటీ నంబరుని మేం కలుపుతాం. తెర మీద చెప్పం, అడగం. ఏ రెండు లైన్లూ పూర్తిగా సమానం కాకుండా అది కాపాడుతుంది.

వేగం కోసం డేటాబేస్‌లో ఇండెక్స్, అంటే ముందే సర్ది ఉంచుకునే జాబితా, పెడతారు కదా, దాన్ని మన కాలువల్లాగా చూడండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాటన్ దొర కట్టించింది. అక్కడినుంచి మన పశ్చిమ డెల్టాకి ప్రధాన కాలువ, దానిలోంచి ఉండి కాలువలాంటి పాయలు, వాటిలోంచి బోదెలు. ప్రధాన కాలువ దాటకుండా నీరు బోదెలోకి రాదు. ఊరు, కౌంట్, బరువు అని ఇండెక్స్ కడితే, ఊరు ప్రకారం అడిగినా, ఊరు-కౌంట్ ప్రకారం అడిగినా అది పనికొస్తుంది. కౌంట్ ఒక్కటే మొదట అడిగితే సర్దడానికి పనికిరాదు. దిశలు కూడా చూసుకోవాలి. అన్నీ ఒకేసారి తిరగబడితే ఇండెక్స్‌ని వెనక నుంచి చదవొచ్చు. ఒకటి ఎక్కుతూ ఒకటి దిగుతూ ఉంటే అలాంటి ఇండెక్సే కావాలి. మైఎస్‌క్యూఎల్ 8.0కి ముందు ఇండెక్స్‌లో దిగేవరస అని రాసినా దాన్ని పట్టించుకునేది కాదు. కుదిరే ప్రతి వరసకీ ఇండెక్స్ కట్టలేం. ఏ వరసలు రోజూ వాడుతున్నారో వారం పాటు రాసిపెట్టుకుని వాటికే కట్టండి.

ఒక్క మాట భద్రత గురించి. కాలమ్ పేరు బ్రౌజర్ నుంచి వస్తుంది. దాన్ని తీసుకెళ్ళి నేరుగా క్వెరీలో, అంటే డేటాబేస్‌ని అడిగే వాక్యంలో, అతికించకండి. విలువలకి వాడే పారామీటర్ పద్ధతి కాలమ్ పేర్లకి పనిచేయదు. ఒప్పుకునే కాలమ్‌ల జాబితా మీ దగ్గర పెట్టుకుని, అందులో ఉంటేనే తీసుకోండి.

మళ్ళీ ఆవిడ దగ్గరికి వస్తాను. మూడు అంచెలూ పెట్టుకున్నాక, ఎవరో మామూలుగా ఒక శీర్షిక నొక్కారు, మొత్తం పోయింది. అది మామూలే, మామూలు నొక్కుకి పాతది పోయి కొత్తది రావాలి. అయితే వెనక్కి తెచ్చుకునే దారి ఉండాలి. "ముందటి వరస" అని చిన్న బటన్ పెట్టాం. తర్వాత వరసకి పేరు పెట్టి దాచుకునే వీలు ఇచ్చాం. ఆవిడ మొదట దాచుకున్నదానికి "ఫోన్లు" అని పేరు పెట్టారు. ఊరు, ఆపైన పెద్ద రొయ్య ముందు, ఆపైన బరువు. ప్రింటరు ఇప్పుడు బిల్లులకే వాడుతున్నారు. ఈమధ్య వెళ్ళినప్పుడు చూశాను, తెరకి ఎదురుగా కూర్చుని, వేలితో లైన్లు చూసుకుంటూ, "ఆకివీడు అయిపోయిందండీ, ఇప్పుడు కాళ్ళ" అంటూ ఫోన్ ఎత్తుతున్నారు.

ఇప్పుడు ఆ గ్రిడ్‌నే ఇక్కడ తెర మీద తెరుస్తాను. పేర్లన్నీ మార్చిన డేటా. ఏ వరస కావాలో మీరు చెప్పండి, పెట్టి చూద్దాం. ఆ వెనక చెయ్యెత్తిన అమ్మాయి, ముందు నువ్వు చెప్పమ్మా.